రాళ్ళకు పేర్లు

ఆ ఏడు దీపావళికి ముందే చెరువు నిండింది. తుఫాను విడవకుండా కురిసింది. నల్లమల వాగులన్నీ ఒక్కసారిగా దిగాయి. తెల్లారేసరికి అలుగు దూకుతోంది. కట్టకిందపల్లె ఊరంతా గట్టెక్కి ఈలలు వేసింది. నేను వెళ్ళలేదు. కిందటిసారి చెరువు నిండినప్పుడు నా భార్య నరసమ్మ అందులో పోయింది.

చెరువు ఎండిన ఏళ్ళలో మా వాళ్ళు లోపలే సేద్యం చేస్తారు. అది సర్కారు నేల. ఎవరికీ పట్టా లేదు. అయినా ఎవరి ముక్క చుట్టూ వాళ్ళు రాతి కూసాలు పాతి ముళ్ళతీగ లాగుతారు. నీళ్ళొచ్చాక తీగ తుప్పుపట్టి తెగిపోతుంది. కూసం మాత్రం రొమ్మెత్తున అలాగే నిలబడి ఉంటుంది. పైనుంచి చూస్తే అంతా నీళ్ళే. నరసమ్మ అవతలి ఒడ్డు ఎగువపల్లె నుంచి పుట్టిలో పసుల మేత వేసుకుని వస్తుంటే అలాంటి కూసం ఒకటి తగిలింది. పుట్టి తిరగబడింది.

ఎవరి కూసమని ఇంటింటికీ పోయి అడిగాను. ఒక్కరూ నోరు విప్పలేదు. విప్పితే సర్కారు నేల కలుపుకున్నామని ఒప్పుకోవాలి. అందరూ దినానికి వచ్చారు. అందరూ అన్నం తిన్నారు. ఆ అన్నం వాళ్ళకు అరిగింది. నాకు ఇంకా అరగలేదు.

ఊళ్ళో ఒక్క ఓబులయ్యనే మనిషిగా లెక్కపెట్టాను. నరసమ్మ తమ్ముడు. పుట్టి గాలికి కొట్టుకుపోయి ఎక్కడో తేలితే పది మందీ అక్కడే దూకి వెతికారు. ఓబులయ్య ఒక్కడే ఎదురు ఈదుకుంటూ దూరంగా పోయి, ఒకే మునకలో అక్కను పైకి తెచ్చాడు. దేవుడే వాడికి చోటు చూపించాడన్నారు. మా వైపు బావమరిది కాళ్ళకు బావ మొక్కడు. నేను మొక్కాను. గట్టు మీద, అందరూ చూస్తుండగా.

నా కూతురు స్రవంతి ఒంగోలులో డిప్లొమా చేసి వచ్చింది. ఉద్యోగం వెతుక్కోమంటే పడవ వెతికింది. ఊరి ఆడవాళ్ళ పొదుపు సంఘానికి అదే కార్యదర్శి. చెరువు నిండిన వారంలోనే కొత్తపట్నం నుంచి లారీ మీద ఒక తెల్ల ఫైబరు పడవ దిగింది.

"ఏందే ఇది?" అన్నాను.

"పడవ నాయనా."

"అది కనపడతానే ఉంది. ఎవురు నడుపుతారు?"

"నేనే. నేర్చుకునే వచ్చినా."

"మీ అమ్మ పోయిన నీళ్ళల్లోనా?"

"ఆ నీళ్ళల్లోనే. ఎగువపల్లె పిల్లోళ్ళు బడికి రావాలంటే కంభం పోయి బస్సు మారి కొండ చుట్టూ తిరగాల. పుట్టిలో వస్తే అమ్మ మాదిరి పోవాల. ఇంకో దారి చెప్పు, పడవ వాపసు పంపిస్తా."



పర్మిషన్ కోసం నీటిపారుదల ఇంజనీరును కలిసింది. ఆయన ఒకటే మాట చెప్పాడు. జనాన్ని నిండా ఎక్కించుకుని ఒడ్డు నుంచి ఒడ్డుకు పోయి రావాలి, తాను కూడా ఎక్కుతాడు. ఒక్క రాయి తగిలినా పడవ వచ్చిన లారీలోనే వెనక్కి పోవాలి.

పడవ స్టీరింగు పక్కన నల్లటి పెట్టె ఒకటి బిగించి ఉంది. టీవీ లాంటి అద్దం, కింద నాలుగు గుండీలు. సముద్రం మీద దారి చూపించే జీపీఎస్ అంది స్రవంతి. గట్టు పక్కనే పడవను నీళ్ళలోకి దించి పెట్టెను వెలిగించింది. అద్దమంతా పసుపు. దాని నడుమ చిన్న పడవ బొమ్మ.

"పసుపు అంటే ఏంది?"

"నేల నాయనా. ఈ పెట్టెకు సముద్రం ఒకటే తెలుసు. మన చెరువు తెలీదు. దాని లెక్కన మనం ఇప్పుడు చేన్లో ఉన్నాం."

గట్టు మీద కూర్చున్న చెంచయ్య నవ్వాడు. చెరువులో నా ముక్క పక్కనే వాడి ముక్క. "అట్లయితే నాగలి గూడా కట్టు పాపా! పోతా పోతా నాకు రెండు సాళ్ళు తోలిపో!"

"తోల్తా చిన్నాయనా. నీ చేనెక్కడుందో చూపించు. నీ కూసాలు కూడా చూపించు."

చెంచయ్య నవ్వు ఆగింది. "నాకు చెరువులో చేనేంది? నాకేం తెలుసు?" అని తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు.

చెంచయ్యే కాదు, ఊరంతా ఇదే మాట. స్రవంతి సంఘం మీటింగు పెట్టి అడిగింది. రాళ్ళున్న చోట్లు పెట్టెలో గుర్తు పెట్టుకుంటే వాటిని తప్పించి దారి గీయొచ్చు, ఎవరి కూసాలు వాళ్ళు చూపించండి అని బతిమాలింది. అందరూ నేల చూపులు చూశారు. కూసాలా? మా ఇంటా వంటా లేవన్నారు.

ఆ పూట స్రవంతి కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. నాకు ఒళ్ళు మండింది.

"ఈ ఊళ్ళో ఎవుడూ తనది చెప్పడు. పక్కోడిది అడుగు. నిద్దట్లో గూడా చెప్తాడు."

స్రవంతి తల ఎత్తింది. కంచం పక్కకు తోసి నా వైపే చూసింది. ఆ కళ్ళలో మెరుపు నరసమ్మది. "నాయనా! ఇంకోసారి చెప్పు!" అంది.

మర్నాటి నుంచి మొదలైంది. స్రవంతి ఒక్కొక్కరిని ఒంటరిగా పడవ ఎక్కించుకునేది. "నీకేం లేవు గానీ, నీ పక్కోడి కూసాలు నీకు తెలుసేమో?" అని అడిగేది. అంతే. వద్దన్నా ఆగలేదు. చెంచయ్య నా కూసాలు రెండూ చూపించాడు. పక్క ముక్కవాడు చెంచయ్యవి అన్నీ చూపించాడు. అవతలి కొండ కొసకూ ఇవతలి అలుగు రాళ్ళకూ గురి కట్టి, "ఈడ! సరిగ్గా ఈడ! దొంగ నాయాలు మూరెడు నా దాంట్లోకి జరిపి పాతినాడు!" అని నీళ్ళ మీద వేలు పెట్టి చూపించేవాళ్ళు.

నేను ముందు వైపు నిలబడి వెదురు గడ నీళ్ళలోకి దించేవాణ్ణి. బురద అయితే గడ మెత్తగా దిగేది. రాయి అయితే ఠంగుమనేది. ఆ చప్పుడు నా మోచేతి దాకా పాకేది. "తగిలింది!" అని కేక వేస్తే స్రవంతి గుండీ నొక్కేది. పెట్టె కీచుమనేది. పసుపు అద్దం మీద ఒక చుక్క పడేది. ఎవరి రాయి అని అడిగి పేరు కూడా కొట్టేది. ఇద్దరు వేరువేరుగా వచ్చి ఒకే చోట ఒకే పేరు చెబితే ఆ చుక్క ఖాయం.

నరసమ్మ పోయాక పొద్దున లేవడానికి నాకు పని అంటూ లేకపోయింది. ఆ రోజుల్లో కోడి కంటే ముందు లేచాను. గడ పట్టుకుని గట్టు మీద నిలబడి నా కూతురి కోసం చూశాను. రాయి తగిలితే పండగ. తగలకపోతే ఇంకో నాలుగు బారలు ముందుకు. చుక్కలు పెరుగుతుంటే ఎండిన చెరువు మళ్ళీ అద్దంలో లేచి నిలబడుతున్నట్టుండేది.

ఒక పొద్దున పుల్లమ్మ ఎక్కింది. ముసలిది. నోట్లో ఆకువక్క, చేతిలో చుట్ట. ఆమెకు ఎదురు చెప్పిన వాళ్ళకు ఊళ్ళో బతుకు లేదు.

"ఏం పిచ్చయ్యా, గడ పట్టుకుని పడుచోడి మాదిరి నిలబడినావే!" అంది.

"కూసో అవ్వా, పడతావ్," అంది స్రవంతి.

"పడితే మీ నాయన గడతో తీస్తాడులే. ఇంకొంచెం ఎడమకు పోనీ. ఇంకొంచెం. ఆ. ఈడ."

గడ దించాను. ఠంగుమంది.

తల ఎత్తి చూశాను. అవతల కొండ కొస, ఇవతల అలుగు, పక్కన లంక మీద ఒంటి ఈతచెట్టు. ఈ చోటు నాకు తెలుసు. ఎగువపల్లె నుంచి వచ్చే పుట్టి దారి ఇదే. నరసమ్మను పైకి తెచ్చింది ఇక్కడే.

"ఎవురిదవ్వా?" స్రవంతి వేలు గుండీ మీదే ఉంది.

"ఇంకెవురిది? మా పక్క ముక్క ఓబులయ్యది. వద్దురా, ఇది పుట్టి దారి, ఈడ పాతొద్దు అని మొత్తుకున్నా. వినలే."

మోటారు చిన్నగా కొట్టుకుంటోంది. పుల్లమ్మకు అప్పుడు అర్థమైంది. నోట్లో ఆకు నమలడం ఆపింది. నా వైపు చూడకుండా చుట్ట నీళ్ళలో పారేసింది.

దేవుడు చూపించలేదు. వాడికి చోటు ముందే తెలుసు.

"నొక్కు," అన్నాను.

స్రవంతి నొక్కింది. పెట్టె కీచుమంది.

చుక్కలన్నీ పెట్టెలో పడ్డాక వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, పెద్ద తెర మీద దారి గీసి, ఆ దారిని మళ్ళీ పెట్టెలోకి పంపాలి. పెట్టెలోని చిన్న మెమరీ కార్డు ఊడదీసి, గుడ్డలో చుట్టుకుని ఇద్దరం మార్కాపురం బస్సెక్కాం. బస్టాండు పక్కన గిరిధర్ అనే కుర్ర శెట్టి కంప్యూటర్ దుకాణం నడుపుతాడు.

"ఇన్నేండ్ల నుంచి ఆధార్ ప్రింట్లు తీస్తన్నా అక్కా, చెరువు ప్రింటు తీయలేదు," అని గిరిధర్ కార్డు అందుకున్నాడు. అంతలోనే నాలుక కరుచుకున్నాడు. ఆ పెట్టె రాసిన ఫైలు కంప్యూటర్ చదవడం లేదు.

"పాడైపోయిందా?" అన్నాను.

"లేదు పెద్దనాయనా. దాని భాష వేరు. ఒక సాఫ్ట్‌వేర్ దింపితే మార్చి పెడుతుంది. కూసోండి, టీ చెప్తా."

రెండు టీలు అయ్యాయి. తెర మీద చుక్కలు పడ్డాయి. స్రవంతి మొహం పాలిపోయింది. చుక్కలన్నీ కొత్తపట్నం అవతల సముద్రంలో ఉన్నాయి. ఒక్కొక్కదానికి ఒక్కో చేప పేరు. వంజరం, చందువా.

"ఇవి మనవి కాదు. పడవ అమ్మినాయనవి," అని అతనికి ఫోన్ చేసింది. అవతలి గొంతు దుకాణమంతా వినపడింది. "తల్లీ, ఆ పాయింట్లు ఎవురికీ చూపియ్యబాకండి! మా కూడు తల్లీ అది! చెరిపేయండి!"

సముద్రంలో కూడా ఇంతే అన్నమాట. ఎవడి చోటు వాడు చెప్పడు.

వాటిని తీసి పక్కన పెట్టాక మన చుక్కలు కనిపించాయి. గిరిధర్ వాటి కింద ఎండిన ఏట ఆకాశం నుంచి తీసిన చెరువు బొమ్మ పరిచాడు. ఎండిన మట్టి, చేలు, వాటి నడుమ గెనాల గట్లు. చుక్కలు ఒక్కొక్కటే వచ్చి చేల మూలల మీద కూర్చున్నాయి. ఒకటి కూడా తప్పలేదు.

"పడింది! మూల మీద పడింది చూడండి! ఇది కూడా! ఇది కూడా!" అని గిరిధర్ కుర్చీలోంచి లేచి గంతేశాడు.

పక్క కిరాణా కొట్టులోంచి వాళ్ళ నాయన కేక వేశాడు. "ఏంరా, లాటరీ తగిలిందా?"

"చెరువు తగిలింది నాయనా!"

నాకు తెలియకుండానే నేనూ లేచి నిలబడ్డాను. స్రవంతి నా చెయ్యి పట్టుకుంది. 

ఆ తర్వాత మౌసు పట్టుకుని మా గట్టు నుంచి ఎగువపల్లె దాకా గీత లాగింది. ఇటు మెలిక, అటు మెలిక, రెండు రాళ్ళ నడుమ సందు దొరికితే అందులోంచి. ప్రతి రాయి చుట్టూ ఎర్ర గుండ్రం. పడవ దాని దగ్గరికి పోతే పెట్టె కూసి, చుక్క పేరు అద్దం మీద చూపిస్తుందట.

"ఇప్పుడీ పేర్లు తీసేసి నంబర్లు పెడదాం," అంది. "సరిచూసుకోవడానికి రాసుకున్నాం అంతే."

"పేర్లు ఉంచు," అన్నాను.

"ఎందుకు నాయనా? రాయి ఉందంటే చాలదా?"

"నీకు చాలు."

స్రవంతి మౌసు వదిలేసింది. గిరిధర్ ప్రింటర్ కేసి తిరిగి, లేని కాగితం సర్దుకుంటున్నాడు.

"ఆయన మా మామ నాయనా. అమ్మ తమ్ముడు."

"ఆ రాయి దగ్గరికి పోయినప్పుడంతా వాడి పేరు కూయాల. నువ్వు పోయినప్పుడంతా. నీ పిల్లోళ్ళు పోయినప్పుడంతా."

స్రవంతి మళ్ళీ మౌసు అందుకుంది. తర్వాత అంది, "ఒక్కడి పేరే ఉంచితే నేనొప్పుకోను. ఉంచితే అందరివీ ఉంచుతా. నీ పేరు గూడా ఉంది, చెంచయ్య చిన్నాయన చెప్పినాడు."

"ఉంచు. నా రాయికి ఎవురూ సావలేదు."

పెట్టెకు తెలుగు రాదు. ఇంగ్లీషు అక్షరాలు కూడా ఎనిమిదే పడతాయి. చెంచయ్య తోక తెగి చెంచయ అయ్యాడు. ఓబులయ్య మాత్రం ఎనిమిది అక్షరాల్లో సరిగ్గా పట్టాడు.

ఊరికి వచ్చి కార్డు పెట్టెలో పెట్టాం. చుక్కలు వచ్చాయి. గీత రాలేదు. మళ్ళీ బస్సు, మళ్ళీ గిరిధర్. అన్ని మెలికలున్న దారిని ఆ పాత పెట్టె మింగలేకపోతోందని వాడే కనిపెట్టాడు. దారిని రెండు ముక్కలు చేశారు. గట్టు నుంచి లంక దాకా ఒకటి, లంక నుంచి ఎగువపల్లె దాకా ఒకటి. ఈసారి పసుపు అద్దం మీద గులాబీ గీత మెలికలు తిరుగుతూ సాగింది. స్రవంతి పడవలోనే ఎగిరింది. పడవ ఊగింది. సంఘం ఆడవాళ్ళు గట్టు మీద చప్పట్లు కొట్టారు. మర్నాడే రమ్మని ఇంజనీరుకు కబురు పెట్టారు.

ఇంజనీరు కుర్రవాడు. కోస్తా మనిషి. జీపు దిగకముందే లైఫ్ జాకెట్ తొడుక్కున్నాడు. పడవ నిండా జనం కావాలన్నాడు. మగవాళ్ళు వెనకాడితే పుల్లమ్మ ముందు ఎక్కింది.

"ఏం చెంచయ్యా, నీళ్ళంటే భయమా? మీ ఆడోళ్ళ కొంగు పట్టుకుని ఎక్కు పో!"

చెంచయ్య ఎక్కాడు. వాడి వెనక అందరూ ఎక్కారు. ఓబులయ్య కూడా ఎక్కాడు. నా కళ్ళలోకి చూడలేదు. పుల్లమ్మ నోరు ఊరుకునే రకం కాదు, వాడికి సంగతి చేరిపోయి ఉంటుంది. చివరి బల్ల మీద ఒదిగి కూర్చున్నాడు. నేను గడ పట్టుకుని ముందు నిలబడ్డాను. ఇంజనీరు నా పేరు అడిగాడు. పిచ్చయ్య అని చెప్పాను.

పడవ కదిలింది. స్రవంతి కళ్ళు పెట్టె మీద, చేతులు స్టీరింగు మీద. గులాబీ గీత మీద పడవ బొమ్మ చీమలా పాకుతోంది. నీళ్ళు చల్లగా మొహానికి కొడుతున్నాయి. 

పెట్టె కూసింది.

ఇంజనీరు వంగి చదివాడు. "చెంచయ. ఎవరండీ ఈ చెంచయ?"

అప్పుడు గానీ మాకు తట్టలేదు. సర్కారు నేల కలుపుకున్న వాళ్ళ పేర్లన్నీ వరసగా చదవడానికి సర్కారు మనిషినే పక్కన నిలబెట్టుకుని పోతున్నాం. చెంచయ్య ఆకాశంలోకి చూడసాగాడు. స్రవంతి పెదవి కొరుక్కుంది.

పుల్లమ్మ అందుకుంది. "మా ఊరి పెద్దోళ్ళు సార్. సచ్చిపోయినోళ్ళ పేర్లు రాళ్ళకు పెట్టుకుంటాం. మా ఆచారం."

"ఓహో," అన్నాడు ఇంజనీరు. చెంచయ్య బతికుండగానే పోయాడు.

పడవ మెలిక తిరిగింది. మళ్ళీ కూత.

"పుల్లమ్మ?"

చెంచయ్య టక్కున లేచాడు. "ఆమె కూడా పోయింది సార్. నోరు పెద్దది. ఊరికి పట్టిన పీడ వదిలింది."

"థూ నీ నోట్లో..." అని పుల్లమ్మ మొదలుపెట్టి, ఇంజనీరును చూసి మింగేసింది. వెనక బల్లల్లో నవ్వు ఆపుకోలేక ఇద్దరు ముగ్గురు మోకాళ్ళ మీదికి వంగిపోయారు. ఇంకో కూత.

"పిచ్చయ్య. మీ పేరూ అదే కదండీ?"

"వాళ్ళ తాత సార్," అన్నాడు చెంచయ్య. "తాత పేరు మనవడికి పెడతాం."

పడవంతా పగలబడి నవ్వింది. ఇంజనీరు కూడా నవ్వాడు. వాడికి అర్థమైందో లేదో నాకు తెలియదు. లంక దగ్గర స్రవంతి రెండో దారి నొక్కింది. పడవ ఒంటి ఈతచెట్టు దగ్గరికి వచ్చింది. పెట్టె కూసింది.

ఇంజనీరు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "ఓబులయ్య. ఈయన ఎప్పుడు పోయాడమ్మా?"

పుల్లమ్మ నోరు తెరవలేదు. చెంచయ్య తెరవలేదు. నవ్వులన్నీ ఒకేసారి ఆరిపోయాయి. 

చివరి బల్ల మీంచి ఓబులయ్య లేచి నిలబడ్డాడు.

"పోలేదు సార్. నేనే. ఆ రాయి నాదే." ఈతచెట్టు పక్క నీళ్ళ వైపు చెయ్యి చూపించాడు. "నేను పోలేదు. మా అక్క పోయింది."

స్రవంతి వెనక్కి తిరగలేదు. స్టీరింగు కొద్దిగా కుడికి వంచింది. పడవ గీత మీదే ఆ రాయి చుట్టూ తిరిగి ముందుకు పోయింది. నేను గడ నీళ్ళలోకి దించలేదు. అవసరం లేకపోయింది.

ఎగువపల్లె ఒడ్డున డప్పు కొట్టారు. బడి పిల్లలు మెడలోతు నీళ్ళలోకి వచ్చి పడవను పట్టుకున్నారు. తిరుగు ప్రయాణంలో పెట్టె మళ్ళీ అన్ని పేర్లూ కూసింది. ఈసారి ఇంజనీరు ఎవరినీ అడగలేదు. మా గట్టు మీద దిగి, జాకెట్ విప్పి, అందరి మొహాలూ చూశాడు.

"పర్మిషన్ ఇస్తున్నాను. కానీ నీళ్ళు తగ్గగానే ఈ చచ్చిపోయిన వాళ్ళందరూ లేచొచ్చి ఎవరి రాళ్ళు వాళ్ళే పీకెయ్యాలి. లేకపోతే ఆ పేర్లు నా ఫైల్లోకి ఎక్కుతాయి."

ఈలలతో గట్టు దద్దరిల్లింది. సంఘం ఆడవాళ్ళు స్రవంతిని ఎత్తుకున్నారు. చెంచయ్య పుల్లమ్మకు చుట్ట వెలిగించి ఇచ్చాడు. ఆ గోలలో ఓబులయ్య నా పక్కకు వచ్చాడు.

"బావా. ఆ పొద్దే చెప్పాలనుకున్నా. నువ్వు నా కాళ్ళకు మొక్కినావు. మొక్కినాక నోరు రాలేదు."

"ఆ దండం నాకు వాపసు ఇయ్యి ఓబులయ్యా."

"ఎట్ల ఇయ్యాల?"

"నాకు తెలీదు."

వాడు నా కాళ్ళ మీదికి వంగాడు. నేను కాళ్ళు వెనక్కి తీసుకున్నాను. వాడి చేతులకు మట్టి తగిలింది.

ఆ చలికాలమంతా పడవ ఆగలేదు. పొద్దున బడి పిల్లలు, తర్వాత టమాటా గంపలు, పాల క్యాన్లు, సాయంత్రం కంభం సంత నుంచి తిరిగొచ్చేవాళ్ళు. ఒకసారి పెళ్ళిబృందం బాజాతో సహా ఎక్కింది. నేను టికెట్లు చింపేవాణ్ణి. ప్రతి తడవా ఈతచెట్టు దగ్గర పెట్టె కూసేది. ఓబులయ్య పేరు చదివి ఎగువపల్లె పిల్లలు పాటలా పాడేవాళ్ళు. వాడికీ వినపడే ఉంటుంది. పడవ ఎక్కడం మానేశాడు.

శివరాత్రి దాటాక నీళ్ళు జారడం మొదలైంది. రాళ్ళ తలలు పైకి తేలితే పీకుదామని తక్కినవాళ్ళు గట్టు మీద కూర్చున్నారు. ఓబులయ్య ఆగలేదు. పుట్టి వేసుకుని ఒక్కడే పోయాడు. మెడలోతు నీళ్ళలో నిలబడి గడ్డపారతో పెకలించాడు. ఊపిరి పట్టి మునిగేవాడు, లేచేవాడు, మళ్ళీ మునిగేవాడు. మా పడవ పక్కనుంచే రెండు తడవలు పోయింది. సాయం పట్టమని నన్నడగలేదు. అడిగినా పట్టేవాణ్ణి కాదు. పొద్దు వాలేసరికి తాడు కట్టి రాయిని ఒడ్డుకు లాగాడు.

మర్నాడు మొదటి తడవ పిల్లలతో ఎగువపల్లె నుంచి బయలుదేరాం. లంక దగ్గరికి చేరాం. ఈతచెట్టు వచ్చింది. పడవ మెలిక తిరగలేదు. పెట్టె కూయలేదు.

"ఏమైంది దీనికి? చెడిపోయిందా?" అన్నాను.

"లేదు నాయనా. రాత్రి సంఘం కొత్తగా కొన్న కంప్యూటర్లో ఆ పాయింటు తీసేసి దారి నేరుగా గీసినా. ఇందాక పిల్లోళ్ళు ఎక్కేటప్పుడు కార్డు మార్చినా."

"నన్నడగకుండానా?"

"అడిగితే ఉంచమంటావు. లేని రాయి చుట్టూ తిరగడానికి డీజిలు ఎవురిస్తారు? ఈ పడవ సంఘానిది. దారి నేను గీస్తా."

పిల్లలు మా ఇద్దరి మొహాలూ చూస్తున్నారు. నేను గడ తీసుకుని ఆ చోటున నీళ్ళలోకి దించాను. మెత్తగా దిగింది. గట్టిగా అదిమాను. బురద, ఇంకా బురద. గడ పైకి లాగి పక్కన పెట్టాను. నా మెడ మీది తువ్వాలు గాలికి ఎగిరి మొహానికి చుట్టుకుంది. స్రవంతి మోటారు వేగం పెంచింది. పడవ ముక్కు లేచింది. పిల్లలు కేకలు పెట్టారు.

మా గట్టు మీద ఆ రాయి పక్కన ఓబులయ్య నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి చెయ్యెత్తాడు.

నేను ఎత్తలేదు.

స్రవంతి హారన్ కొట్టింది.